బండి ఆగినంతసేపే: డోర్నకల్ జంక్షన్ చరిత్ర, భూగోళం

వరంగల్‌లో విజయవాడ వైపు వెళ్లే బండి ఎక్కితే నెక్కొండ, కేసముద్రం, మహబూబాబాద్ దాటి, గుండ్రాతిమడుగు, గార్ల కూడా వెనక్కి పోయాక ఒకచోట పట్టాలు విచ్చుకుంటాయి. అప్పటిదాకా ఒక జత పట్టాల మీద పోయిన బండికి ఇటో లైను, అటో లైను తోడవుతాయి. బండ్లను పక్కన నిలిపే లూపు లైనులో బొగ్గు నింపుకున్న గూడ్సు సిగ్నల్ కోసం ఎదురుచూస్తూ కనిపిస్తుంది. పసుపు బోర్డు మీద డోర్నకల్ జంక్షన్ అని ఉంటుంది. ఎక్స్‌ప్రెస్ బండి ఇక్కడ ఆగేది ఒకటి రెండు నిమిషాలే. ఆలోపు కొత్తగూడెం వైపు వెళ్లేవాళ్లు సంచులు సర్దుకుని దిగుతారు, సికింద్రాబాద్ వెళ్లేవాళ్లు తోసుకుంటూ ఎక్కుతారు. బండి కదిలాక ప్లాట్‌ఫాం మళ్లీ ఖాళీ.

బయట ఊరు చిన్నదే. 2018లో మున్సిపాలిటీ అయినా చుట్టూ మిరప చేలు, పత్తి చేలు, తండాలు. అయినా దక్షిణ మధ్య రైల్వే మ్యాపులో ఈ పేరు తప్పకుండా ఉంటుంది. దక్షిణ భారత క్రైస్తవ చరిత్ర రాసేవాళ్లు ఈ పేరు రాయకుండా ముందుకు పోలేరు. తెలంగాణ బొగ్గు ఎలా బయటి లోకానికి చేరిందో చెప్పాలన్నా ఇక్కడే మొదలుపెట్టాలి. ఇంత చిన్న ఊరికి ఇన్ని చరిత్రల్లో చోటెలా దక్కింది? ఈ ఊరి బతుకు పెరిగినా తగ్గినా దాని వెనక ఉన్న లెక్క ఒకటే: బండి ఇక్కడ ఎంతసేపు ఆగుతోంది, ఎందుకు ఆగుతోంది.

చెరువు ఊళ్లు, స్టేషన్ ఊళ్లు

రైలు రాకముందు ఈ చుట్టుపక్కల ఊళ్లు నీళ్లను చూసుకుని పుట్టాయి. దగ్గర్లోని బయ్యారం దానికి మంచి సాక్ష్యం. కాకతీయ గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ అక్కడ ధర్మకీర్తి సముద్రం అనే చెరువు తవ్వించి శాసనం వేయించింది. కాకతీయుల వంశక్రమం తెలుసుకోవడానికి చరిత్రకారులు ఇప్పటికీ ఆ బయ్యారం చెరువు శాసనాన్నే తిరగేస్తారు. కట్ట కింద మాగాణి, మాగాణి చుట్టూ ఊరు, ఊరి బయట గుడి. వరంగల్ నుంచి ఖమ్మం దాకా పాత ఊళ్ల అమరిక చాలావరకు ఇదే.

డోర్నకల్ ఆ లెక్కలోకి రాదు. పేరున్న చెరువు గానీ కోట గానీ దీన్ని పెంచలేదు. మున్నేరు గార్ల పక్క నుంచి పోతుంది, ఆకేరు మరోపక్క నుంచి వస్తుంది, రెండూ కిందికి పోయి ఖమ్మం ఎగువన తీర్థాల దగ్గర కలుస్తాయి. రెండు ఏర్ల నడుమ మెట్ట మీద ఉన్న చోటు ఇది. సేద్యం చేసుకునేవాడు ఊరు కట్టడానికి ముందుగా ఎంచుకునే చోటు కాదు. రైలు ఇంజనీరుకు మాత్రం ఇలాంటి చోటే కావాలి. వరద తక్కువ, నేల గట్టిది, ఎత్తుపల్లాలు పెద్దగా లేవు.

నేల సంగతి ఇంకొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ జంక్షన్ పుట్టుకకు అసలు కారణం నేల కిందే ఉంది. కాజీపేట నుంచి ఖమ్మం దాకా ప్రధాన లైను నడిచేదంతా కోట్ల ఏళ్ల పాత గ్రానైటు, నైసు రాళ్ల మీద. పైన ఎర్ర చెలక, మధ్యమధ్య బండరాళ్ల గుట్టలు. ఈ రాళ్లలో బొగ్గు ఉండదు. బొగ్గు ఉండేది గోండ్వానా ఇసుకరాళ్లలో. అవి ఆదిలాబాద్ వైపు నుంచి గోదావరి లోయ వెంబడి ఆగ్నేయంగా కొత్తగూడెం దాకా పొడవాటి పట్టీలా పరుచుకున్నాయి. ఇల్లందు ఆ పట్టీకి పడమటి అంచు వైపున ఉంటుంది. అంటే రైలు సులువుగా వేయదగ్గ చదును నేల ఒకవైపు, బొగ్గు దొరికే అడవి నేల మరోవైపు. ఈ రెంటికీ మధ్య దూరం అన్నిటికన్నా తక్కువగా ఉన్న చోట్లలో డోర్నకల్ ఒకటి. జంక్షన్ ఇక్కడ పడటం కాకతాళీయం కాదని మ్యాపు చూస్తే తెలిసిపోతుంది.

1871లో భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. అక్కడి ముఖ్యమైన బొగ్గు పొరకు ఇప్పటికీ కింగ్ సీమ్ అనే పేరు. ఆ బొగ్గుక్షేత్రానికి మాత్రం పక్కనే ఉన్న సింగరేణి అనే చిన్న పల్లె పేరు పడింది. ఇవాళ ఆ పేరు చెబితే జనానికి గోదావరిఖని గుర్తొస్తుంది, మందమర్రి గుర్తొస్తుంది. సింగరేణి అనే ఊరు ఒకటుందని, అది కారేపల్లి పక్కన ఉందని చాలామందికి తెలియదు. ఇల్లందును పాతవాళ్లు ఇప్పటికీ బొగ్గుట్ట అనే పిలుస్తారు.

పట్టాలకు ముందు గొడవ

బొగ్గు దొరకగానే తవ్వడం మొదలుకాలేదు. తవ్వినదాన్ని ఎడ్లబండ్ల మీద అడవి దాటించి అమ్మితే గిట్టుబాటు కాదు. నిజాం సొంతంగా వేయించిన రైలు చాలాకాలం 1874 నాటి వాడి-సికింద్రాబాద్ లైను ఒక్కటే. అది బొంబాయి-మద్రాసు దారికి హైదరాబాదును కలిపింది తప్ప తూర్పు వైపుకు రాలేదు. సికింద్రాబాద్ నుంచి వరంగల్ మీదుగా ఒక కొమ్మ బెజవాడకు, మరో కొమ్మ చాందాకు వేయాలన్న ఆలోచన 1880ల మొదట్లో ముందుకొచ్చింది. చాందా అంటే ఇప్పటి చంద్రపూర్.

ఈ చాందా రైలు పథకం మీద 1883లో హైదరాబాదులో పెద్ద అలజడి లేచింది. డబ్బు ఎవరు పెడతారు, లాభం ఎవరికి పోతుంది, నష్టమొస్తే ఎవరు భరిస్తారు, ఒప్పందంలో ఏం రాశారో ప్రజలకు చెప్పండి అని చదువుకున్నవాళ్లు కొందరు కమిటీగా ఏర్పడి అడిగారు. వాళ్లలో ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఒకరు, నిజాం కాలేజీ చరిత్రతో ముడిపడ్డ అఘోరనాథ్ చటోపాధ్యాయ మరొకరు. అఘోరనాథ్ సరోజినీ నాయుడు తండ్రి. అడిగినందుకు ఆయన్ను రాజ్యం నుంచి బయటికి పంపించేశారు. హైదరాబాద్ రాజ్యంలో ప్రభుత్వ నిర్ణయం మీద జనం సంఘటితంగా లెక్క అడిగిన తొలి సందర్భాల్లో ఇదొకటి. అది ఒక రైలు లైను కోసం జరిగిందన్నది గుర్తుంచుకోదగ్గ విషయం.

వాళ్లు అడిగిన ప్రశ్నలు వృథా ప్రశ్నలు కావు. చివరికి లండన్‌లో ఏర్పడిన కంపెనీ పేరు నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఆ పేరులో గ్యారంటీ అన్న మాట ఊరికే లేదు. కంపెనీ పెట్టిన పెట్టుబడి మీద ఏడాదికి 5 శాతం రాబడికి 20 ఏళ్ల పాటు నిజాం ఖజానా పూచీ పడింది. రైలు బాగా నడిచినా, నడవకపోయినా వాటాదారుడికి వడ్డీ వస్తుంది. లోటు పడితే పూడ్చేది ఖజానా, ఖజానా నింపేది రైతు. గనుల సంగతీ ఇలాంటిదే. 1886లో ఇంగ్లండ్‌లో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ చేతికి ఖనిజ హక్కులు వెళ్లాయి. వాటాల వ్యవహారంలో నిజాం ప్రభుత్వ అధికారి సర్దార్ అబ్దుల్ హక్ పేరు బయటికొచ్చి, 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ విచారణ జరిపేదాకా పోయింది. డోర్నకల్ పట్టాల వెనక ఇంత కథ ఉంది.

గొడవ ఎలా ఉన్నా పని మాత్రం చకచకా సాగింది. 1886లో వరంగల్‌కు రైలు వచ్చింది. ఆ తర్వాత రెండు మూడేళ్లలోనే డోర్నకల్ మీదుగా ఇల్లందు గనులకు ఒక లైను, 1889లో బెజవాడకు మరో లైను పూర్తయ్యాయి. ఇల్లందులో బొగ్గు తీయడం మొదలైంది కూడా 1889లోనే. రైలుకు బొగ్గు కావాలి, బొగ్గుకు రైలు కావాలి. రెండూ ఒకదాని కోసం ఒకటి ఆగి, ఒకేసారి మొదలయ్యాయి. అంతకుముందు దక్కన్‌లో తిరిగే ఇంజన్లకు బొగ్గు బెంగాల్ నుంచో, ఓడల మీద ఇంగ్లండ్ నుంచో రావాల్సి ఉండేది. ఇప్పుడు అది డోర్నకల్ మలుపు దగ్గర దొరుకుతోంది.

మరి చాందా లైను? కాజీపేట నుంచి రామగుండం, మంచిర్యాల మీదుగా బల్లార్షా దాకా లైను పూర్తయ్యేసరికి 1929 వచ్చింది. గొడవ జరిగి అప్పటికి నాలుగు దశాబ్దాలు దాటిపోయింది. ఆ లైనుతో ఢిల్లీ-మద్రాసు దగ్గరి దారి ఏర్పడింది. అప్పటిదాకా హైదరాబాద్-బెజవాడ బండ్లే చూసిన డోర్నకల్ ముందు నుంచి ఉత్తరాదీ, దక్షిణాదీ కలిపే దూరప్రయాణపు బండ్లు పోవడం మొదలైంది. బండ్లు పెరిగాయి. కానీ ఆ మార్పులో అసలు లాభం కాజీపేటది. రెండు పెద్ద దార్లు కలిసే చోటుగా లోకోషెడ్లు, కాలనీలు అన్నీ అక్కడ పెరిగాయి. డోర్నకల్ బొగ్గు జంక్షన్‌గానే మిగిలింది.

బొగ్గు కొమ్మ కూడా అలాగే ఉండిపోలేదు. 1927 నాటికి కారేపల్లి నుంచి కొత్తగూడెం వైపు లైను పొడిగించారు. గనులు ఎటు జరిగితే పట్టాలు అటు జరిగాయి. కొత్తగూడెం స్టేషన్‌కు భద్రాచలం రోడ్ అని పేరు పెట్టారు. రైల్వే వాళ్ల భాషలో ఊరి పేరు చివర రోడ్ అని ఉంటే, ఆ ఊరికి ఇక్కడ దిగి రోడ్డు మీద పోవాలని అర్థం. రాముడి గుడికి అక్కణ్నుంచి ఇంకో 40 కిలోమీటర్లు పోయి, గోదావరి దాటాలి. కారేపల్లి నుంచి ఇల్లందు పోయే పాత కొమ్మ క్రమంగా వెనకబడింది. అన్నిటికన్నా ముందు రైలు చూసిన బొగ్గుట్ట జనం ఇవాళ ప్రయాణికుల బండి ఎక్కాలంటే కారేపల్లికో, డోర్నకల్‌కో, మహబూబాబాద్‌కో బస్సులోనో ఆటోలోనో రావాలి. ఏ ఊరి పేరున ఆ లైను వేశారో ఆ ఊరికే బండి లేకుండా పోయింది.

నీళ్లు పట్టే చోటు

ఆవిరి ఇంజను ఒక రకంగా పశువు లాంటిది. మేత కావాలి, నీళ్లు కావాలి, విశ్రాంతి కావాలి. కొన్ని పదుల కిలోమీటర్లు పోగానే టెండరులో, అంటే ఇంజను వెనక బొగ్గు, నీళ్లు మోసే పెట్టెలో, నీళ్లు అయిపోతాయి. దారిపొడవునా నీళ్లు పట్టే స్టేషన్లు ఉండాలి. కాజీపేట నుంచి డోర్నకల్ సుమారు 95 కిలోమీటర్లు. జంక్షన్ కాబట్టి ఇక్కడ ఇంకో పని కూడా ఉంది. బొగ్గు లైను నుంచి వచ్చిన వ్యాగన్లను విడదీయాలి, ఉత్తరానికి పోయేవి వేరు చేయాలి, దక్షిణానికి పోయేవి వేరు చేయాలి, మళ్లీ రేకు, అంటే ఒకే బండిగా పోయే వ్యాగన్ల వరస, కట్టాలి. ఇది నిమిషాల్లో తేలే పని కాదు, గంటలు పడుతుంది.

ఆ గంటలే ఊరిని పోషించాయి. స్టేషన్ మాస్టరు, పాయింట్స్‌మన్లు, కీమన్లు, గేట్‌మన్లు, పట్టాల గ్యాంగులు, నిప్పు ఆర్పకుండా చూసేవాళ్లు, డ్రైవర్లు రాత్రి పడుకునే రన్నింగ్ రూములో వంటవాళ్లు. వీళ్లకు క్వార్టర్లు. క్వార్టర్లకు పాలు, కూరగాయలు, బియ్యం. పిల్లలకు బడి. నెలనెలా జీతం అందుకునే మనుషులు ఒకచోట వందమంది ఉంటే చుట్టుపక్కల పల్లెల్లో పండినదానికి బజారు దానంతటదే పుడుతుంది. వర్షం మీద ఆధారపడ్డ మెట్ట ప్రాంతంలో ఒకటో తారీకు జీతం అనేది ఎంత పెద్ద మార్పో ఇప్పుడు ఊహించుకోవడం కష్టం.

ఆ కాలపు పనితీరును చూపించే వస్తువు ఒకటుంది, సింగిల్ లైను టోకెన్. ఒకే జత పట్టాల మీద రెండువైపుల నుంచీ బండ్లు నడవాలంటే ఎదురెదురు రాకుండా చూడాలి. అందుకు పక్కపక్క స్టేషన్లలో రెండు యంత్రాలు ఉంటాయి, వాటిలో ఇనుప బంతులు. ఒక స్టేషన్ మాస్టరు గంట కొట్టి అడిగి, అవతలి స్టేషన్ మాస్టరు తన యంత్రంతో ఒప్పుకుంటేనే ఇవతల ఒక్క బంతి బయటికొస్తుంది. అది బయట ఉన్నంతవరకు రెండు యంత్రాల్లో ఏదీ ఇంకో బంతిని వదలదు. ఆ బంతిని తోలు సంచిలో వేసి, పెద్ద కమ్మీ చుట్టుకు తగిలించి డ్రైవరుకు ఇస్తారు. బండి ఆగకుండా పోతుంటే ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ మనిషి ఆ చుట్టును చేత్తో పైకెత్తి పట్టుకుంటాడు, ఇంజన్‌లోని మనిషి చెయ్యి చాపి మోచేతికి తగిలించుకుంటాడు. అదే క్షణంలో వెనకటి సెక్షన్ టోకెన్‌ను కిందికి విసిరేస్తాడు. రాత్రిపూట కాగడా వెలుగులో, వర్షంలో కూడా ఇంతే. చెయ్యి తప్పితే బండి ఆగిపోవాలి. చిన్న స్టేషన్ మాస్టరు ఒప్పుకోనిదే ఎంత పెద్ద బండి అయినా కదలదు. ఇలాంటి ఊళ్లకు ఆ రోజుల్లో ఉన్న గౌరవం ఆ ఇనుప బంతిలో ఉండేది.

రైలు అందరికీ మేలే చేసిందని చెప్పలేం. ఈ ప్రాంతంలో రైలుకు ముందు సరుకు మోసింది లంబాడీలు. ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద వేసుకుని కోస్తా నుంచి దక్కన్ దాకా, దక్కన్ నుంచి కోస్తాకు బిడారులుగా తిరిగినవాళ్లు. బెజవాడ లైను పడ్డాక అదే ఉప్పు, అదే ధాన్యం వ్యాగన్లలో రావడం మొదలైంది. ఎద్దుల వ్యాపారం పోయింది. తిరిగే జాతి తండాలు కట్టుకుని నేల మీద కుదురుకోవాల్సి వచ్చింది, అదీ చాలాచోట్ల అడవి అంచున, పట్టా లేని నేల మీద. ఇప్పటి మహబూబాబాద్ జిల్లా జనాభాలో మూడో వంతుకు పైనే గిరిజనులు, వాళ్లలో ఎక్కువమంది లంబాడీలు. డోర్నకల్ అసెంబ్లీ సీటు 2009 నుంచి ఎస్టీ రిజర్వుడు. ఇవాళ్టి స్టేషన్ బయట తండా జనం కనిపించడం వెనక నూట ముప్పై ఏళ్ల కిందటి ఆ సరుకు లెక్క ఉంది.

బిషప్ ఎందుకు ఇక్కడే ఉన్నాడు

ఈ జంక్షన్‌కు రైల్వేతో సంబంధం లేని పేరు తెచ్చింది ఒక తమిళుడు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి జిల్లాలో 1874లో పుట్టాడు. 1903లో అక్కడి క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులతో ఒక మిషనరీ సంస్థ పెట్టుకున్నప్పుడు ముందు నిలబడ్డవాళ్లలో ఆయన ఒకడు. తెల్ల మిషనరీల డబ్బు మీద ఆధారపడకుండా భారతీయులే పని చేయాలన్నది వాళ్ల పట్టుదల. ఆ సంస్థ పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని ఈ మూల. 1909లో అజరయ్య కుటుంబంతో డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయన్ను బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయనే. ఆయన కింద ఉన్న చర్చి ప్రాంతానికి, అంటే డయోసిస్‌కు, పెట్టిన పేరు డోర్నకల్.

తర్వాత్తర్వాత ఆయన అధికార పరిధి బ్రిటిష్ ఆంధ్రలోని కృష్ణా ప్రాంతం దాకా విస్తరించింది. బందరులో, బెజవాడలో పెద్ద చర్చిలు, బడులు, కాలేజీ ఉన్నాయి. అక్కడికి మారిపోవచ్చు. ఆయన మారలేదు. 1945 జనవరి 1న చనిపోయేదాకా డోర్నకల్‌లోనే ఉన్నాడు. దీనికి ఆయన నమ్మకం ఒక కారణం. పల్లెల్లో మాల, మాదిగ వాడల జనమే తన సంఘం అనుకున్న మనిషి పట్నంలో కూర్చోవడం ఇష్టపడి ఉండడు. కానీ భూగోళం కూడా అందుకు సాయపడింది. పల్లె లాంటి చోట ఉంటూనే ఒక బండి ఎక్కితే బెజవాడ, ఒక బండి ఎక్కితే సికింద్రాబాద్, ఒక బండి ఎక్కితే బొగ్గు గనుల కూలీ వాడలు. పల్లెనూ వదలకుండా, లోకానికీ దూరం కాకుండా ఉండాలంటే ఆ రోజుల్లో చిన్న జంక్షన్‌ను మించిన చోటు లేదు. ఇక్కడి మిషన్ ప్రెస్‌లో అచ్చయిన పుస్తకాలు తెలుగు దేశమంతా పోయాయంటే అవీ ఈ బండ్ల మీదే పోయాయి.

ఆయన కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరుపుకుంది. డోర్నకల్ వెళ్లినవాళ్లు దాన్ని చూడకుండా రాకూడదు. దూరం నుంచి గుమ్మటాలు, మినార్ లాంటి బురుజులు చూస్తే మసీదు అనుకుంటారు. దగ్గరికి వెళ్తే గుడి మంటపంలా వరస స్తంభాలు, తామరపూల చెక్కడాలు. లోపల బలిపీఠం, శిలువ. ఇంగ్లండ్ పల్లెచర్చి నమూనా తెచ్చి ఇక్కడ నిలబెట్టడం ఆయనకు తేలికే, కట్టేవాళ్లకూ తేలికే. ఆ పని చేయకుండా గుడి, మసీదు పక్కపక్కన చూసి పెరిగిన తెలంగాణ కన్నుకు పరాయిగా కనిపించని కట్టడం కట్టించాడు. తెలంగాణలో ఆ కాలపు కట్టడాల్లో ఇంత ఆలోచనతో కట్టినవి తక్కువ. దానికి రావాల్సినంత గుర్తింపు మాత్రం ఇంకా రాలేదు.

ఒక స్టేషన్ ఇటు, ఒక స్టేషన్ అటు

ఈ ముక్కలో జిల్లాల సరిహద్దులు చాలాకాలం విచిత్రంగా ఉండేవి. ఖమ్మం 1953 అక్టోబర్ 1న వరంగల్ నుంచి విడిపోయి జిల్లా అయినప్పుడు, ఒకప్పటి జాగీరైన గార్ల ఖమ్మంలోకి వెళ్లింది. దానికన్నా దక్షిణంగా ఉన్న డోర్నకల్ వరంగల్‌లోనే ఉండిపోయింది. మహబూబాబాద్ నుంచి ఖమ్మం పోయే బండి గుండ్రాతిమడుగులో వరంగల్ జిల్లాలో ఉండేది, గార్లలో ఖమ్మం జిల్లాలోకి వచ్చేది, డోర్నకల్‌లో మళ్లీ వరంగల్ జిల్లా, పాపటపల్లిలో మళ్లీ ఖమ్మం. నాలుగు స్టేషన్లలో మూడు సరిహద్దులు. గార్ల మనిషికి పక్క స్టేషన్ డోర్నకల్ పది నిమిషాల దూరం, కలెక్టరాఫీసు మాత్రం దాన్ని దాటి ఖమ్మంలో. డోర్నకల్ మనిషికి ఖమ్మం 23 కిలోమీటర్లు, తన జిల్లా కేంద్రం వరంగల్ 80 కిలోమీటర్లకు పైనే. 2016 అక్టోబర్ 11న మహబూబాబాద్ జిల్లా ఏర్పడి గార్ల, డోర్నకల్, బయ్యారం మూడూ అందులో కలిశాక ఈ చిక్కు తీరింది. రైలు పట్టాలు ఎప్పుడో కలిపిన ఊళ్లను పరిపాలన కలపడానికి అన్నేళ్లు పట్టింది.

బయ్యారం పేరు ఈ ప్రాంతంలో మరో ఆశతో కూడా ముడిపడి ఉంది. అక్కడ ఇనుప ఖనిజం ఉంది. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టంలో అప్పటి ఖమ్మం జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలు పరిశీలించాలని రాశారు. ఫ్యాక్టరీ రాలేదు. వచ్చి ఉంటే గార్ల, డోర్నకల్ స్టేషన్ల కథ వేరేగా రాసుకోవాల్సి వచ్చేది.

నిమిషాలు తగ్గిన కాలం

1980ల చివరికి ఈ ప్రధాన లైను మీద కరెంటు తీగలు వచ్చాయి. డీజిల్ ఇంజన్లు అప్పటికే నీళ్ల కోసం ఆగడం మాన్పించాయి, కరెంటు ఇంజన్లు మరింత దూరం ఏకబిగిన లాగేశాయి. బొగ్గు కూడా వ్యాగన్లుగా విడిపోయి వచ్చే రోజులు పోయి, గని దగ్గరే 58, 59 వ్యాగన్లు నింపుకుని పవర్ ప్లాంటు దాకా ఒకే రేకుగా పోవడం మొదలైంది. అలాంటి రేకులో దాదాపు నాలుగు వేల టన్నుల బొగ్గు ఉంటుంది. దాన్ని డోర్నకల్‌లో విడదీసేది లేదు, కలిపేది లేదు. దారి ఖాళీ అయ్యేదాకా లూపులో పెడతారు, ఖాళీ అవగానే వదులుతారు. సిగ్నళ్లు రెక్కల నుంచి రంగు లైట్లకు మారాయి. లివర్లు లాగే మనుషుల పని ప్యానెల్ మీది బటన్లకు వచ్చింది. బండ్లు ఎన్నో రెట్లు పెరిగాయి, ఊళ్లో జీతగాళ్లు మాత్రం తగ్గారు. రైల్వే ఉన్న చిన్న ఊళ్లన్నిటిలో ఇదే జరిగింది. ట్రాఫిక్ పెరిగితే ఊరు పెరుగుతుందన్న లెక్క ఆవిరి ఇంజనుతోనే పోయింది.

ఇప్పుడు మళ్లీ పెద్ద పనులు నడుస్తున్నాయి. కాజీపేట-విజయవాడ మధ్య సుమారు 219 కిలోమీటర్ల మూడో లైను పడుతోంది. డోర్నకల్ నుంచి భద్రాచలం రోడ్ దాకా 54.65 కిలోమీటర్ల డబ్లింగ్, అంటే రెండో లైను వేసే పని, చేపట్టారు. కొత్తగూడెం నుంచి సత్తుపల్లి గనులకు వేసిన లైను మీద బొగ్గు ఇప్పటికే వస్తోంది, అదంతా ఈ కొమ్మ మీదుగా దిగాల్సిందే. డోర్నకల్ నుంచి సూర్యాపేట, నల్గొండ మీదుగా గద్వాల వైపు కొత్త లైనుకు సర్వే కూడా జరిగింది. భూములు పోతాయని అలైన్‌మెంట్ మీద రైతులు అభ్యంతరం చెప్పారు. ఇవన్నీ అవసరమైన పనులే. కాజీపేట-విజయవాడ దారి దేశంలో బాగా రద్దీ ఉన్న దారుల్లో ఒకటి, ఇంకో లైను లేకపోతే గూడ్సూ నడవదు, ప్రయాణికుల బండీ టైముకు రాదు. అయితే మూడో లైను వేసేది బండ్లు ఆగకుండా పోవడానికి. చిన్న స్టేషన్‌కు కావాల్సింది బండ్లు ఆగడం. ఈ రెండు అవసరాలూ ఒకటి కావని ముందే ఒప్పుకుని, లైన్లతో పాటు లోకల్ బండ్లు, హాల్టులు కూడా ప్లాన్‌లో రాసుకుంటేనే ఈ ఊళ్లకు న్యాయం జరుగుతుంది.

కరోనా ఆ సంగతిని గట్టిగా చూపించింది. 2020 మార్చిలో ఆగిన ప్యాసింజర్ బండ్లు చాలాకాలం తిరిగి రాలేదు. వచ్చినవి స్పెషల్, ఎక్స్‌ప్రెస్ పేర్లతో వచ్చి కనీస టికెట్ 10 రూపాయల నుంచి 30 అయింది. 2024 ఫిబ్రవరిలో గానీ పాత ఛార్జీ తిరిగి రాలేదు. పాపటపల్లి, పోచారం, గాంధీపురం లాంటి చోట్ల ఎక్కి కూలికి, కాలేజీకి, ఖమ్మం ఆస్పత్రికి పోయేవాళ్లకు ఆ 20 రూపాయల తేడా చిన్న విషయం కాదు. రానూపోనూ 40. మిర్చి ఏరే సీజన్‌లో కూలికి పోయే ఆడవాళ్లు ఆటోకి పెట్టే ఖర్చుకూ, ప్యాసింజర్ టికెట్‌కూ ఉన్న తేడాతోనే ఆ రోజు ఏం మిగిలిందో లెక్క వేసుకుంటారు.

2024 సెప్టెంబర్ 1 వానలకు ఇంకో సంగతి బయటపడింది. ఇంటికన్నె-కేసముద్రం మధ్య చెరువుల నీళ్లు మీదపడి కట్ట కొట్టుకుపోయింది, పట్టాలు గాల్లో వేలాడాయి. ఈ లైను వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పోతుంది, దీన్ని అడ్డంగా కోస్తూ ఎన్నో వాగులు మున్నేరు, ఆకేరు వైపు దిగుతాయి. నూట ముప్పై ఏళ్ల కిందట వేసిన రైలు కట్ట ఆ వాగులకు అడ్డుగోడ లాంటిది, నీళ్లు పోవడానికి మోరీలే దారి. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల్లో పైది తెగితే కిందివన్నీ తెగుతాయి, చివరికి ఆ నీళ్లన్నీ రైలు కట్టను తాకుతాయి. చెరువు ఊళ్ల చరిత్ర, స్టేషన్ ఊళ్ల చరిత్ర ఒకే చోట ఢీకొన్నాయి. వందలమంది కార్మికులు రాత్రింబవళ్లు కష్టపడి 4వ తేదీకల్లా బండ్లు నడిపించారు. ఆ మధ్యలో ఎక్కడికక్కడ చిన్న స్టేషన్లలో ఆగిపోయిన బండ్ల ప్రయాణికులకు అన్నం, నీళ్లు అందించింది స్థానిక పోలీసులు, చుట్టుపక్కల ఊళ్ల జనం. ఎప్పుడూ ఆగని బండ్లు ఆగితే ఆ ఊళ్లు అలా ఎదురెళ్లాయి.

2022 సెప్టెంబర్ నుంచి ఈ లైను మీద గంటకు 130 కిలోమీటర్ల వేగానికి అనుమతి ఉంది. 2023 జనవరి 15న మొదలైన సికింద్రాబాద్-విశాఖ వందేభారత్ వరంగల్‌లో ఆగుతుంది, ఖమ్మంలో ఆగుతుంది, డోర్నకల్‌లో ఆగదు. ఆ వేగంతో పోతే 600 మీటర్ల ప్లాట్‌ఫాం దాటడానికి 17 సెకన్లు చాలు. స్టేషన్ ముందు నిలబడ్డ రైల్వే మనిషి పచ్చజెండా పట్టుకుని, చక్రాలు, బ్రేకులు సరిగ్గా ఉన్నాయో లేదో చివరి పెట్టె దాకా చూసి, గార్డుతో జెండా మార్చుకుని లోపలికి వెళ్తాడు. దుమ్ము సర్దుకున్నాక పక్క లైను మీది సింగరేణి బొగ్గు రేకుకు సిగ్నల్ పడుతుంది. కొత్తగూడెం బండి కోసం బెంచీ మీద కూర్చున్నవాళ్లు అనౌన్స్‌మెంట్ వినడానికి చెవులు రిక్కిస్తారు.